పద్నాలుగు గంటల ఫ్యాను

మా అత్త మా ఇల్లు విడిచి వెళ్లిపోవడానికి నేను రాసిన ఒక లెక్క కారణం. అప్పుడు నాకు పదమూడేళ్లు. చిన్నపిల్లవి, నీకేం తెలుసు అని ఎవరైనా అంటే వినడానికి బాగానే ఉంటుంది. కానీ నాకు తెలుసు. లెక్క తప్పని తెలిసే రాశాను.

డెబ్బైల నడిమి సంవత్సరాలవి. అరవదేశపు పట్నంలో, వాషర్‌మెన్‌పేట్ అనే పేటలో ఒక సన్నటి, పొడుగాటి ఇంట్లో కింది భాగం మాది. వీధి వాకిలి దగ్గర మొదలుపెట్టి ఒక గది దాటితే ఇంకో గది, అది దాటితే వంటిల్లు, దాని వెనక చిన్న గది, ఆఖరున బావి ఉన్న పెరడు. ఇంటి ఓనరు కుటుంబం మేడ మీద ఉండేది. మా నాయన పప్పుల టోకు కొట్లో లెక్కలు రాసేవాడు. మా తాతల కాలంలో నెల్లూరు వైపు నుంచి వచ్చి పడ్డ కుటుంబం మాది. వీధిలో అరవం, ఇంట్లో తెలుగు.

అత్త మా నాయనకు అక్క, ఎనిమిదేళ్లు పెద్దది. వాళ్లమ్మ చిన్నతనంలోనే పోతే మా నాయనను ఎత్తుకుని పెంచింది ఆమే. తొండియార్‌పేటలో ఒక తెలుగు బడిలో టీచరుగా చేసేది. పిల్లల్లేరు. మామ జబ్బు చేసి పోయాక మా నాయనే వెళ్లి, "నేనుండగా నువ్వు ఒంటిగా ఉండేదేంది అక్కా" అని పట్టుబట్టి తీసుకొచ్చాడు. వంటింటి వెనక ఉన్న చిన్న గది ఆమెకు ఇచ్చాం. అంతకుముందు ఆ గదిలో మా అమ్మ కుట్టుమిషను ఉండేది. దాన్ని నడవలోకి జరిపారు.

అత్త ఒక ట్రంకుపెట్టె, ఒక టేబుల్ ఫ్యాను, ఒక ఇస్త్రీపెట్టె, చిన్న రేడియో తెచ్చుకుంది. ఎప్పుడూ గంజిపెట్టిన నూలుచీరలే కట్టేది. పొద్దున్నే చీర ఇస్త్రీ చేసుకుని, మడతలు సరిగ్గా పడ్డాయో లేదో నన్ను వెనక నుంచి చూడమనేది. ఒకటో తారీఖున జీతంలో సగం మా అమ్మ చేతికి ఇచ్చేది. సాయంత్రాలు నా హోంవర్కు చూసేది. తప్పు రాస్తే తిట్టదు, పెన్సిలు వెనకవైపుతో ఆ చోట తట్టి ఊరుకుంటుంది. ఏం తప్పో నేనే వెతుక్కోవాలి.

ఆ ఏడు ఎండలు ముందే వచ్చాయి. వీధి కొళాయిలో నీళ్లు దారంలా వచ్చేవి. ఇంటి ఓనరు బావికి మోటరు బిగించి, మేడ మీద తొట్టి కట్టించి, మా స్నానాలగదిలోకి కూడా ఒక పైపు దింపాడు. దానికని అద్దె మీద నెలకు కొంత నీళ్ల డబ్బు వేశాడు. బిందెలు మోసే బాధ తప్పిందని మా అమ్మ సంబరపడింది.

మీటరు పక్కన మేకుకు ఒక తెల్ల కార్డు వేలాడుతుండేది. రెండు నెలలకొకసారి కరెంటు ఆఫీసు మనిషి వచ్చి, మీటరు చూసి, ఎన్ని యూనిట్లు కాలాయో ఆ కార్డులో రాసి పోయేవాడు. అత్త రాకముందు మాకు యాభై రెండు యూనిట్లు వచ్చేవి, ఒకటి అటో ఇటో. అత్త వచ్చాక వచ్చిన మొదటి పూర్తి లెక్క నూట ముప్పై ఒకటి.

మా నాయన ఆ కార్డును మేకు నుంచి తీసి, దీపం కిందికి తెచ్చి, మళ్లీ మళ్లీ చూశాడు. మర్నాడు కొట్టు నుంచి వస్తూ ఒక చీటీ తెచ్చాడు. ఆయనతో పనిచేసే గుమాస్తా ఒకాయన ఉండేవాడు, తన ఇంట్లో కరెంటు ఎంత తక్కువ కాలుతుందో కొట్లో గొప్పగా చెప్పుకునే మనిషి. ఆయన చేత కార్డు తెప్పించుకుని, అందులోని అంకెలు ఆ చీటీ మీద దించుకొచ్చాడు మా నాయన.

"చూడు," అన్నాడు మా అమ్మతో. "ఆళ్లింట్లో ఆరుమంది. నలభై నాలుగు. మనింట్లో నలుగురం. నూటా ముప్పై ఒకటి. జనం ఈడ కమ్మి, కరెంటు జాస్తి. ఎట్లా?"

"నన్నడిగితే?" అంది అమ్మ. "నేనేమన్నా ఫాను కింద కూచోని ఉండానా?"

అత్త వెనక గదిలో పిల్లల నోటుబుక్కులు దిద్దుకుంటోంది. ఆ మాట ఆమెకు వినబడేలాగానే అంది మా అమ్మ.

పెంచిన అక్కను ఫ్యాను ఆపమని అడగడానికి మా నాయనకు నోరు రాలేదు. అందుకని నన్ను పిలిచాడు. మా సైన్సు టీచరు వాట్లను గంటలతో గుణించి వెయ్యితో భాగిస్తే యూనిట్లు వస్తాయని ఆ మధ్యనే చెప్పింది. ఆ సంగతి నేనే ఇంట్లో గొప్పగా చెప్పి ఉన్నాను. నాయన ఒక కొత్త నోటుబుక్కు నా చేతికిచ్చి, "పొద్దున ఎనిమిదికి, సాయంత్రం అయిదుకి మీటరు చూసి రాయాల. ఏది ఎంతసేపు వేసుండారో అదీ రాయాల. నెల రోజులు చూసి, రెండు నెలలకు లెక్క కట్టు," అన్నాడు. పెద్దవాళ్ల పని నాకు అప్పగించాడని నేను పొంగిపోయాను. స్టూలు ఎక్కి, మీటరు అద్దం కొంగుతో తుడిచి, ఆఖరి ఎర్ర అంకెతో సహా రాసుకునేదాన్ని.

అత్త ఫ్యాను సాయంత్రమూ రాత్రీ కలిపి ఎనిమిది గంటలు తిరిగేది. అది అరవై వాట్ల ఫ్యాను. రెండు నెలలకు ఇరవై తొమ్మిది యూనిట్లు. ఇస్త్రీ రోజుకు ఇరవై నిమిషాలు, తొమ్మిది యూనిట్లు. ఆమె గదిలో బల్బుకు తొమ్మిది. రేడియోకు రెండు. మొత్తం నలభై తొమ్మిది. కానీ పెరిగింది డెబ్బై తొమ్మిది. ఎన్నిసార్లు కూడినా ముప్పై యూనిట్లు ఎక్కడికి పోతున్నాయో తేలలేదు.

ఇంకొకటి కూడా గమనించాను. ఎనిమిదింటికి మేమంతా బయటికి వెళ్లిపోతాం. సాయంత్రం నేనే ముందు వస్తాను. ఆ మధ్యలో అర యూనిటు తిరిగి ఉండేది, ప్రతిరోజూ. ఇంట్లో మా అమ్మ ఒక్కతే. పగలు ఏమైనా వేశావా అని అడిగితే, "పొయ్యి ముందర నుంచి లేస్తే గదా నేను ఏమన్నా వేసేది" అంది.

నాయనతో చెప్పాను. ఆయన చీటీ మీద అంకెలు చూస్తూనే, "మీ అత్త ఫాను ఆపకుండా బడికి పోతావుంటాదిలే," అన్నాడు.

"లేదు నాయనా. నేను వచ్చి చూస్తా గదా. ఆపే ఉంటాది."

"అట్లయితే నువ్వు తప్పు రాసుంటావు. లెక్క కుదరాల. కుదరందాకా నాకు చూపించొద్దు."

రెండు రోజులు ఆ నోటుబుక్కు ముందేసుకుని కూర్చున్నాను. నాకు లెక్కల్లో ఎప్పుడూ మంచి మార్కులే. కుదరని లెక్క తీసుకుపోయి నాయన ముందు నిలబడడం నా వల్ల కాలేదు. మూడో రోజు రబ్బరు తీసుకుని ఫ్యాను ఎదురుగా ఎనిమిది తుడిచి పద్నాలుగు వేశాను. ఇరవై తొమ్మిది యాభై అయింది. ఇస్త్రీ ఇరవై నిమిషాలు తుడిచి నలభై చేశాను. తొమ్మిది పద్దెనిమిది అయింది. మొత్తం డెబ్బై తొమ్మిది. ఎంత చక్కగా సరిపోయిందంటే, ఇది నిజమే అయ్యుండొచ్చని నాకే అనిపించింది.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాయి. అత్త నేల మీద దుప్పటి పరిచి వారానికి సరిపడా జాకెట్లు ఇస్త్రీ చేసుకుంటోంది. నాయన గుమ్మంలో కూర్చుని, నా వైపు చూసి, "ఆ నోట్‌బుక్కు తెచ్చి మీ అత్తకు చూపీమే," అన్నాడు.

అత్త ఇస్త్రీపెట్టె నిలబెట్టి, చేతులు తుడుచుకుని, పుస్తకం అందుకుంది. పిల్లల పుస్తకాలు దిద్దేటప్పుడు చూసినట్టే, ఒక్కో వరుస మీద వేలు పెట్టి చదివింది. ఫ్యాను వరుస దగ్గర వేలు ఆగింది.

"పద్నాలుగు గంటలా?" అంది. మా నాయనను కాదు, నన్నే అడిగింది. "నేను బడికి పోయుండేటప్పుడు కూడా తిరగతా ఉండాదా ఫాను?"

నాయన గోడ వైపు చూస్తున్నాడు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"ఆ... నువ్వు మరిచిపోయి పోతావు అత్తా," అన్నాను.

అత్త నా మొహంలోకి చూసింది. కోపంగా కాదు. ఇంకేమైనా చెబుతానేమోనని చూసింది. తర్వాత పుస్తకం మూసి నా చేతిలో పెట్టింది.

"కూడిక సరిగానే ఉండాది," అని, ఇస్త్రీపెట్టె తీగ గోడలోంచి పీకేసింది.

ఆ సాయంత్రమే ఫ్యాను అటక మీదికి ఎక్కింది. జూలై వచ్చినా ఎండ తగ్గలేదు. సాయంత్రాలు అత్త బావి గట్టు మీద తాటాకు విసనకర్రతో కూర్చుని, వెలుతురున్నంతసేపూ నోటుబుక్కులు దిద్దేది. చీకటి పడ్డాక వంటింటి దీపం వెలుగు పడే చోటికి జరిగేది. తన గదిలో బల్బు వేయడం మానేసింది. చీర తడిపి, మడిచి, పరుపు కింద పెట్టుకునేది. పొద్దున అది కట్టుకుని వెళ్తుంటే మడతలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడమని నన్ను అడగలేదు. మెడ మీద, చేతుల మీద చెమటకాయలు లేచాయి. మా అమ్మ గంధం తీసి ఇచ్చింది. ఫ్యాను దించుకోమని మాత్రం ఎవరూ అనలేదు.

కరెంటుతో ఆగిందా అంటే అదీ లేదు. తగ్గించడం ఎలాగో తెలిశాక మా నాయన దృష్టి నీళ్ల మీదికి పోయింది. ఓనరు నీళ్ల డబ్బు పెంచుతాడేమోనని మనిషికి ఒక బకెట్టే అన్నాడు. అత్త ఆ ఒక్క బకెట్టూ వద్దని, తెల్లవారుతూనే వీధి చివర చేతిపంపు దగ్గరికి పోయి, కొట్టుకుని, తన నీళ్లు తాను తెచ్చుకునేది. నలభై ఏడేళ్ల మనిషి, నడుం మీద బిందెతో సందంతా నడిచి వచ్చేది. టీచరమ్మ నీళ్లు మోస్తోందేమని పక్కింటివాళ్లు అడిగితే మా అమ్మ, "ఆమెకు పంపు నీళ్లయితేనే సరిపడతాది," అని చెప్పేది.

ఫ్యాను ఎక్కాక రెండు నెలలూ నిండిన మొదటి కార్డులో ఎనభై రెండు వచ్చింది.

నాయన ముందు సంతోషించాడు. తర్వాత పాత అంకె గుర్తొచ్చింది. "యాభై రెండు గదా రావాల్సింది? ఫాను లేదు, ఇస్త్రీ లేదు, లైటు లేదు. ఇంకా ముప్పై యాడికి పోయినట్టు?" అన్నాడు. మేం చూడనప్పుడు అత్త తన గదిలో ఏదో వేసుకుంటోందని ఆయనే తేల్చాడు. హీటరేమో, బడి నుంచి ముందే వచ్చి ఫ్యాను దించి వేసుకుంటోందేమో. ఆ మాటలు అత్తతో కాదు, మా అమ్మతో, నడవలో నిలబడి అన్నాడు. వెనక గదికి తలుపు లేదు, కర్టెనే.

కర్టెను కదిలి అత్త బయటికి వచ్చింది. "నా పెట్టె తాళంచెవి ఇస్తా, సోదా చేసుకోరా," అంది. అంతే. మా నాయన తల వంచుకుని వీధిలోకి వెళ్లిపోయాడు.

వారం తిరక్కుండా బడికి దగ్గరలో ఒక గది చూసుకుంది. శుక్రవారం సాయంత్రం సైకిల్ రిక్షా వాకిట్లో ఆగింది. మా అమ్మ, "ఇంకో నాలుగు దినాలుండి పోగూడదా వదినా," అంది. అత్త దానికి జవాబు చెప్పకుండా, "అటక మీద ఫాను దించి, కొంచెం దుమ్ము తుడిచి ఇయ్‌మే," అంది నాతో. నేను స్టూలు మీద నుంచి దించి, ఒక్కో రెక్కా తుడిచాను. అప్పుడు చెప్పి ఉండొచ్చు. ఇల్లంతా సామాన్ల హడావిడిలో ఉంది, మా ఇద్దరి దగ్గరా ఎవరూ లేరు. నేను తుడవడమే చూసుకున్నాను. ఫ్యానును ఒళ్లో పెట్టుకుని రిక్షాలో కూర్చుని అత్త వెళ్లిపోయింది. రాత్రి మా నాయన వచ్చేసరికి కుట్టుమిషను తిరిగి వెనక గదిలో చేరింది.

ఆ తర్వాత వచ్చిన కార్డులో ఎనభై ఒకటి.

మా నాయన ఆ అంకె చూసి కార్డును తిరిగి మేకుకు తగిలించాడు. ఆ ఆదివారం కొట్టుకు పనిచేసే వైర్‌మ్యాన్‌ను వెంటబెట్టుకొచ్చాడు. పొద్దున పది గంటలై ఉంటుంది. పెరట్లో ఓనరు మోటరు గుయ్‌మని తిరుగుతోంది. వైర్‌మ్యాన్ మీటరు పెట్టె తెరిచి, మా మెయిన్ స్విచ్ కిందికి లాగాడు. మోటరు ఆగిపోయింది. పైన తొట్టిలో నీళ్లు పడే చప్పుడూ ఆగింది. మేడ మీద నుంచి ఓనరు భార్య, "యారు మోటర నిరుత్తినదు?" అని అరిచింది, మోటరు ఆపిందెవరని. వైర్‌మ్యాన్ స్విచ్ పైకి ఎత్తాడు. మోటరు మళ్లీ మొదలైంది. ఇంకోసారి దించాడు. ఇంకోసారి ఎత్తాడు.

"మీ లైన్లోంచే పోతా ఉంది సార్, బాయి మోటరు," అన్నాడు.

ఆ బావిలోంచి నీళ్లు తోడినందుకు మేం ఓనరుకు ప్రతినెలా డబ్బు కట్టాం. తోడిన కరెంటు మాదే.

ఓనరు కిందికి దిగివచ్చి, మోటరు బిగించినవాడు పొరబాటున కలిపి ఉంటాడన్నాడు. పొరబాటో కాదో మాకు ఎప్పటికీ తెలియలేదు. మర్నాడు తీగ మార్పించాడు. కట్టిన డబ్బు సంగతి మా నాయన నసుగుతూ ఎత్తితే, మీరూ ఆ నీళ్లే కదా వాడుకున్నారు అన్నాడు. ఆ అద్దెకు ఆ వీధిలో ఇంకో ఇల్లు దొరకదు. నాయన తల ఊపి లోపలికి వచ్చేశాడు. అక్కతో మాట్లాడలేక గోడ వైపు చూసిన మనిషే, ఓనరు ముందు కూడా అంతే.

నేను నాయన వెంటే లోపలికి పరిగెత్తాను. "అత్తకు చెప్తాం నాయనా. పిలుచుకోని వస్తాం," అన్నాను.

"ఏమని చెప్తాం?"

"మోటరని. ఆమె తప్పు ఏమీ లేదని."

"పద్నాలుగు గంటలని రాసింది ఎవరని అడిగితే?"

ఆయన చొక్కా తొడుక్కుంటూ, నా వైపు చూడకుండానే అన్నాడు: "మా అక్క ఫాను ఆపకుండా పోయే మనిషి కాదు. చిన్నప్పుడు బుడ్డీదీపం వత్తి కూడా తగ్గించి చదివించింది నన్ను. నాకు తెల్దా?"

ఆయనకు తెలుసు. నా లెక్క తప్పని ఆ రోజే తెలుసు. తెలిసే దాన్ని ఆమె చేతికి ఇప్పించాడు. ఎందుకని అడిగే వయసు నాకు అప్పుడు లేదు. అడిగే వయసు వచ్చాక అడగబుద్ధి కాలేదు. వెనక గది కోసం మా అమ్మ రోజూ సణిగేది. తెచ్చిపెట్టుకున్న అక్కను పొమ్మనడానికి ఆయనకు ఏదో ఒకటి కావాలి. నేను తయారుచేసి ఇచ్చాను. ఇలా అనుకోవడం తప్పయితే, సరైనది ఏమిటో చెప్పకుండానే ఆయన పోయాడు.

ఆ తర్వాత మా కార్డు యాభైకి దిగింది. తోటి గుమాస్తా ఇంటి కార్డుతో పోల్చడం నాయన మానేశాడు. అత్త గురించి ఎవరైనా అడిగితే, బడికి దగ్గరని అక్కడ ఉందని చెప్పేవాళ్లం. చెప్పగా చెప్పగా మా అమ్మ నిజంగానే అలా నమ్మింది.

ఎనభైల మొదట్లో, నేను ఒక ఆఫీసులో టైపిస్టుగా చేరాక, ఒక శనివారం తొండియార్‌పేట వెళ్లాను. ఊరంతా నీళ్లకు అల్లాడుతున్న ఏడాది అది. వీధి పొడుగునా ప్లాస్టిక్ బిందెలు లారీ కోసం వరుసలో ఉన్నాయి. అత్త మేడ మీద ఒంటిగదిలో ఉండేది. జుట్టు బాగా నెరిసింది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు, కూర్చోమంది. కాఫీ కలిపి ఇచ్చింది.

గ్లాసు చేతిలో ఉండగానే చెప్పేశాను. మోటరు సంగతి, మా మీటరు సంగతి, రబ్బరుతో తుడిచి నేను వేసిన అంకెలు. చెబుతూ ఏడ్చాను కూడా.

అత్త అంతా విని, "తుడిపింది నేను ఆ పొద్దే చూసినా మే," అంది. "కాగితం మీద పీచు లేచిపోయుంది. ఎనిమిది అడుగున కనిపిస్తానే ఉండె. టీచర్ని గదా, నాకు తెల్దా."

"మరి అప్పుడే అడగలేదేంది అత్తా?"

"అడిగితిని గదా. ఆడే, మీ నాయన ముందర. మరిచిపోయి పోతావంటివి."

ఆమె మామూలు గొంతుతోనే, "తర్వాత కూడా చూస్తినిలే. పంపుకు పోయొచ్చేటప్పుడు ఎదురొస్తావుంటివి. ఈ పొద్దు చెప్తాది, ఈ పొద్దు చెప్తాది అనుకుంటా ఉంటిని. ఫాను తుడిచి ఇచ్చే పొద్దు కూడా అనుకుంటిని," అంది.

క్షమించానని అనలేదు. క్షమించలేనని కూడా అనలేదు. నేను గ్లాసు కడగబోతే, నీళ్లు వృథా చేయొద్దని చేతిలోంచి తీసుకుంది.

అంతలో కింద లారీ హారను మోగింది. మెట్ల మీద ఆడవాళ్లు దబదబా దిగుతున్న చప్పుడు. అత్త మూలనున్న రెండు బిందెలూ అందుకుంది. నేను లేచి ఒకటి పట్టుకోబోయాను.

"నువ్వు ఉండు. ఈడ బయటోళ్లను లైన్లో నిలబడనీరు," అంది.

వరండాలో నిలబడి చూశాను. అత్త తన వంతు వచ్చేదాకా ముందున్న ఆవిడతో అరవంలో ఏదో మాట్లాడుతూ నవ్వుతోంది. మా ఇంట్లో ఉన్నన్నాళ్లు ఆమె అలా నవ్వడం నేను చూడలేదు. వెనకున్న అమ్మాయి ఒకతి ఆమె రెండో బిందె మోసుకొచ్చి మెట్ల మీద పెట్టి వెళ్లింది.

అత్త పైకి వచ్చి, బస్సు రద్దీ కాకముందే బయలుదేరమంది. బయలుదేరాను. ఇంటికి వచ్చి ఎక్కడికి వెళ్లానో నాయనతో చెప్పలేదు. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ కాఫీ ఇచ్చింది, ఆఫీసు ఎలా ఉందని అడిగింది. మా ఇంటి మాట ఇద్దరం ఎత్తలేదు. నా పెళ్లికి కార్డు పంపితే మనియార్డరులో దీవెనలు పంపింది గానీ రాలేదు.